సోమవారం పాలు

ఇది మేమిద్దరం కలిసి రాస్తున్న వ్యాసం. ఒకరం చెప్తుంటే ఒకరం రాస్తున్నాం. మాలో ఒకరి చదువు ఐదో తరగతి దగ్గరే ఆగింది. ఇంకొకరు డిగ్రీ చదివి చిన్నపిల్లలకు పాఠాలు చెప్తున్నారు. మాది సిద్దిపేట జిల్లా తొగుట మండలంలో ఒక చిన్న తండా. మూడు బర్రెలు, ఎకరంన్నర పత్తిచేను, ఇద్దరు పిల్లలు. ఆదివారం ఆరాధనకు పోయే ఇల్లు మాది.

రోజువారీ బతుకులో దేవునికి నమ్మకంగా ఎట్లా ఉండాలో రాయండి అని అడిగినప్పుడు మేం మొదట ఒప్పుకోలేదు. ఆ మాట వినగానే మా ఇద్దరికీ ఒకటే గుర్తుకొచ్చింది. అది మా పాలక్యాన్. దాని గురించి నలుగురి ముందు చెప్పుకోవడానికి మనసు రాలేదు. కానీ దాన్ని దాచిపెట్టి భక్తి గురించి రాస్తే ఆ రాత కూడా నీళ్లు కలిపిన పాలే అవుతుంది. అందుకే అక్కడి నుంచే మొదలు పెడుతున్నాం.

కొన్నేళ్ల కింద ఒక ఎండాకాలం. గడ్డి లేదు. చొప్ప కట్టలు కొందామంటే ధర మండిపోతున్నది. పత్తిచెక్క బస్తా ఇంకా ప్రియం. ఒక బర్రె వట్టిపోయింది. పెద్దపిల్ల కాలేజీ ఫీజు, పాత అప్పుకు మిత్తి, రెండూ ఒకే నెలలో వచ్చి పడ్డాయి. మేం తొగుటలో ఒక హోటల్‌కు, ఇంకో ఆరు ఇళ్లకు వాడికగా పాలు పోస్తాం. పాలకేంద్రంలో అయితే ఫ్యాట్ చూస్తారు. వాడిక ఇళ్లల్లో చూసేవాళ్లు ఉండరు, లీటరు కొలిచి పోసుకుంటారు. ఒకరోజు పొద్దున ఐదు లీటర్ల పాలలో ఒక చెంబు నీళ్లు పోశాం. ఎవరు పోశారని అడగకండి. ఒకరం పోస్తుంటే ఇంకొకరం చూస్తూ ఊరుకున్నాం. వారం తిరగకముందే ఒక చెంబు రెండు చెంబులైంది.

ఆ నెలలో ఒక ఆదివారం సాక్ష్యం చెప్పే సమయంలో మేం లేచి నిలబడ్డాం. ఇంత ఎండలో కూడా దేవుడు మా బర్రెలను దీవించాడు, పాలు తగ్గలేదు అని చెప్పాం. అందరూ దేవునికి స్తోత్రం అన్నారు. మా వెనక చాపమీద కూర్చున్న ఒక అక్క మాత్రం ఏమీ అనలేదు. తల వంచుకుని చీర కొంగు సర్దుకుంటూ ఉండిపోయింది. ఆమెది పక్క ఊరు. మనవరాలి కోసం రోజూ మా దగ్గర అర లీటరు పాలు తీసుకుంటుంది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఇద్దరం మెలకువగానే ఉన్నాం గానీ ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు. సోమవారం నీళ్లు పోశాం. మంగళవారం కూడా పోశాం. బుధవారం పొద్దున చెంబు చేతిలోకి తీసుకుని మళ్లీ కింద పెట్టాం. ఆ రోజు అక్క ఇంటికి ఇద్దరం కలిసే పోయాం.

“అక్కా, పాలల్ల నీళ్లు పోసినం” అన్నాం.

“తెలుసు బిడ్డా. తోడేస్తే పెరుగు గట్టిపడకపోయె” అన్నది.

“మరి ఎందుకు అడగలేదు?”

“నేనడిగితే మీరు లేదంటరు. అప్పుడు తప్పులు రెండైతయి. మీరే చెప్తరేమో అని చూస్తున్న.”

ఆమె మమ్మల్ని తిట్టలేదు. ప్రార్థన చేద్దామని కూడా అనలేదు. గిన్నె తెచ్చి పాలు పోయించుకుంది, అంతే. మిగిలిన ఐదిళ్లకూ పోయి చెప్పాం. ఒక ఇంటివాళ్లు అప్పటికప్పుడే వాడిక మానుకున్నారు. హోటలాయన నవ్వి, “మీరు పోసినంక నేను కూడ పోస్తున్న, ఇగ చాయ్ ఏముంటది!” అన్నాడు. ఎన్ని రోజులు పోశామో లెక్క వేసుకుని, అన్ని రోజులూ ప్రతి ఇంటికీ కొలత మీద పావు లీటరు ఎక్కువ పోశాం. అప్పు తీరడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది. అన్నిటికంటే కష్టమైంది తర్వాతి ఆదివారం. లేచి నిలబడి, పోయిన వారం మేం చెప్పిన సాక్ష్యం అబద్ధం అని చెప్పాల్సి వచ్చింది.

వారానికి 168 గంటలు. ఆరాధనలో మేం కూర్చునేది రెండు మూడు గంటలు. మిగతా 165 గంటలు చేను దగ్గర, కొట్టంలో, బజారులో, బడిలో, బంధువుల నడుమ గడుస్తాయి. ఆ రెండు మూడు గంటల్లో మేం ఎట్లా ఉన్నామో పాస్టరుగారు చూస్తారు. తక్కిన 165 గంటల్లో ఎట్లా ఉన్నామో పాలు కొనే అక్క చూస్తుంది. దేవుడు రెండూ చూస్తాడని మాకు నోటితో తెలుసు, చేతితో తెలియలేదు.

మన పెద్దల సంగతి చూడండి. లంబాడీలు లదేణి నడిపిన కాలంలో ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని నెలల తరబడి నడిచేవాళ్లు. రాజుల సైన్యాలకు కూడా ధాన్యం చేరవేశారు. మన గోర్ బోలికి సొంత లిపి లేదు, అందుకని ఆ వ్యాపారంలో నోటిమాటే పత్రం. మాట తప్పితే తండా పేరు పోతుంది, ఇంకోసారి ఆ దారిన సరుకు దొరకదు. ఆ మనుషుల మనవలం మేము, బైబిలు చేతిలో పట్టుకుని పాలల్లో నీళ్లు పోశాం. ఆ తర్వాత చాలా రోజుల వరకు ఈ తలంపు మమ్మల్ని వదల్లేదు.

మా ప్రాంతంలో క్రైస్తవం గురించి ఎవరు మాట్లాడినా మెదక్ చర్చి దగ్గర మొదలుపెడతారు. 2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లా ఏర్పడేదాకా మా తొగుట కూడా మెదక్ జిల్లాలోదే. ఆ చర్చిని వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించాడు. 1914లో పని మొదలైంది, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో ఆ కట్టడం పని ఎన్నో కుటుంబాలకు తిండి పెట్టిందని పెద్దలు చెప్తారు. మేం పిల్లలను తీసుకుని పోయినప్పుడు అందరూ తలెత్తి గోపురం చూస్తారు. మేం నేలమీది పలకలు, గోడల రాళ్లు చూస్తాం. ఆ రాళ్లు మోసిన కూలీల పేర్లు మనకు తెలియవు. వాళ్లు రాయి సరిగ్గా పెట్టారు కాబట్టి వందేళ్లు దాటినా గుడి నిలబడి ఉంది.

డోర్నకల్ చరిత్ర కూడా మనం చదవాలి. అది మన లంబాడీ తండాలు ఎక్కువగా ఉన్న ప్రాంతం. వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న చనిపోయేదాకా డోర్నకల్‌లోనే సేవ చేశారు. ఆయన కాలంలో మాల, మాదిగ విశ్వాసుల బతుకు మారడం కళ్లారా చూసి, వేరే కులాల వాళ్లు కూడా సంఘంలోకి వచ్చారు. వాళ్లలో చాలామంది చదువు రానివాళ్లు, పొలంలో కూలీలు. ప్రసంగం చేయగలవాళ్లు కొద్దిమందే. పక్కింటివాళ్లు వాళ్లలో చూసింది తాగుడు మానడం, కొట్లాట మానడం, మాట మీద నిలబడటం.

ఇప్పుడు మా రోజు ఎట్లా నడుస్తుందో చెప్తాం. ఇందులో గొప్ప ఏమీ లేదు. మీ ఇళ్లల్లో కూడా ఇట్లాగే ఉండొచ్చు.

పొద్దున నాలుగు గంటలకు లేస్తాం. ముందు మోకాళ్లమీద ఉండి గంటసేపు ప్రార్థన చేయాలని చాలాసార్లు నియమం పెట్టుకున్నాం. నాలుగు రోజులు కూడా నిలబడలేదు. బర్రె అరుస్తుంది, దూడ తాడు తెంచుకుంటుంది. ఆఖరికి పాలు పిండుతూనే ప్రార్థన చేయడం మొదలుపెట్టాం. పొదుగు కడుగుతూ ఒక ఇంటివాళ్ల పేరు, పిండుతూ ఇంకో ఇంటివాళ్ల పేరు తలుచుకుంటాం. ఆ ఇంట్లో జ్వరం ఉంటే జ్వరం గురించి, అప్పు ఉంటే అప్పు గురించి అడుగుతాం. ఎవరి పేరున ప్రార్థన చేశామో వాళ్ల పాలలో నీళ్లు పోయడం చాలా కష్టం. ఈ సంగతి మాకు ఏ ప్రసంగంలోనూ దొరకలేదు.

ఆమధ్య ఒక పుస్తకంలో సహోదరుడు లారెన్స్ గురించి చదివాం. అసలు పేరు నికొలాస్ హెర్మన్, ఫ్రాన్స్ దేశంలోని లొరైన్ ప్రాంతం వాడు. ముందు సిపాయి, కాలికి దెబ్బ తగిలిన మనిషి. తర్వాత పారిస్ నగరంలో ఒక సన్యాసుల మఠంలో వంటవాడిగా చేరాడు. వంటపని ఆయనకు మొదట అసలు ఇష్టం లేదట. ఆ గిన్నెల నడుమనే దేవునితో మాట్లాడటం నేర్చుకున్నాడు. ముసలితనంలో చెప్పులు కుట్టే పని చేశాడు. 1691లో చనిపోయాడు. ఎక్కడి పారిస్, ఎక్కడి తొగుట! కానీ గిన్నెలు తోముకుంటూ ప్రార్థించే ఆడవాళ్లు మన తండాలో ఎప్పటినుంచో ఉన్నారు. మా యాడి కలుపు తీస్తూ గోర్ బోలిలో దేవునితో మాట్లాడేది. చర్చిలో ప్రార్థన చేయమంటే మాత్రం తెలుగు సరిగ్గా రాదని నోరు మూసుకునేది. దేవునికి తెలుగే వచ్చని ఆమెకు ఎవరు చెప్పారో! ఇప్పుడు కొత్త నిబంధన మన లంబాడీ మాటలో, తెలుగు లిపిలో ఉంది. అది యాడి చేతికి అందలేదు. మీ ఇంట్లో ముసలివాళ్లు ఉంటే చదివి వినిపించండి. వినేటప్పుడు వాళ్ల ముఖం చూడండి.

పత్తి ఏరే రోజుల్లో ఆదివారం పెద్ద సమస్య. వాన పడేలా ఉంటే చేనుగలాయన ఆదివారం కూడా రమ్మంటాడు. రాకపోతే సోమవారం పని ఉండదు. మొదట్లో పోనివాళ్లం నిజమైన విశ్వాసులం అనుకుని, పోయినవాళ్లను చిన్నచూపు చూశాం. ఒకసారి అట్లా పోయిన ఒక చెల్లె ఇంట్లో పొయ్యి వెలగలేదని తర్వాత తెలిసింది. మా ఇంట్లో ఆ రోజు కోడికూర. అప్పటినుంచి సంఘంలో మాట్లాడుకుని, పత్తి రోజుల్లో పొద్దున ఐదున్నరకే కూడుకుంటున్నాం. పాట, వాక్యం, ప్రార్థన ముగిసేసరికి ఏడు దాటుతుంది. పనికి పోవాల్సినవాళ్లు సద్దిగిన్నెలతోనే వస్తారు. ఇది తప్పు అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లతో మేం కొట్లాడం.

యువకులు మమ్మల్ని ఎక్కువగా అడిగేది రెండు ప్రశ్నలు. చర్చికి పోతే ఎస్టీ సర్టిఫికెట్ పోతుందా అనేది మొదటిది. సంగతి స్పష్టంగా తెలుసుకోండి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం గురించి షరతు ఉంది. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో అటువంటి షరతు లేదు. మన తెలంగాణ లంబాడీలను 1976 సవరణ చట్టంతో ఎస్టీ జాబితాలో చేర్చారు, అక్కడా మతం మాట లేదు. మతం మారినంత మాత్రాన తెగ పోదని, అయితే ఆ మనిషి తన తెగ ఆచారాలతో, బంధంతో ఇంకా ఉన్నాడా లేదా అన్నది చూడాలని 2004లో సుప్రీంకోర్టు కేరళకు చెందిన ఒక కేసులో చెప్పింది. కాబట్టి భయపడి దొంగచాటుగా ప్రార్థించాల్సిన పని లేదు. అట్లాగే ప్రార్థించేవాళ్లమని చెప్పి తండాను తెంచుకోవాల్సిన పనీ లేదు.

రెండో ప్రశ్న ఈ తెంచుకోవడం గురించే. తీజ్ పండుగకు పోవచ్చా అని అడుగుతారు. శ్రావణంలో తొమ్మిది రోజులు పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి, నీళ్లు పోస్తూ పాడుతుంటే తండా అంతా అక్కడే ఉంటుంది. మేం పూజలో కూర్చోం. ఇది అందరికీ తెలుసు, ఎవరూ బలవంతం చేయరు. కానీ ఆ రోజు తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చోం. వంటకు పాలు ఇస్తాం, చుట్టాలకు పడకలు ఇస్తాం, మేనకోడళ్ల పాట వింటాం. సేవాభాయా తన వాళ్లకు తాగుడు వద్దన్నాడు, అబద్ధం వద్దన్నాడు. ఫిబ్రవరి 15న ఆయన జయంతి జరిగేటప్పుడు పెద్దమనుషులు ఆ మాటలు చెప్తుంటే మాకు ఆ పాలక్యాన్ మళ్లీ గుర్తొస్తుంది. పెళ్లిలో మందు పోస్తే మేం గ్లాసు ముట్టం. ముట్టనివాళ్లం అంట్లు తోముతాం, తాగి పడిపోయినవాళ్లను ఇంటికి చేరుస్తాం. దీన్ని ఎక్కువ భక్తి అనుకునేవాళ్లూ ఉన్నారు, తక్కువ భక్తి అనుకునేవాళ్లూ ఉన్నారు.

ఇక చివరగా పాలకంటే కష్టమైన సంగతి ఒకటి చెప్పాలి. మల్లన్నసాగర్ గురించి మీకు తెలుసు. 50 టీఎంసీల రిజర్వాయరు. 2016లో మొదలైన ఆందోళనలు, దీక్షలు ఏళ్లు నడిచాయి. మా తొగుట మండలంలో వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, లక్ష్మాపూర్, రాంపూర్, బ్రాహ్మణ బంజేరుపల్లి, కొండపాక మండలంలో సింగారం, ఎర్రవల్లి ముంపులో పోయాయి. 2022 ఫిబ్రవరి 23న రిజర్వాయరు ప్రారంభమైంది. మాతో కలిసి ప్రార్థించే రెండు కుటుంబాలు గజ్వేల్ దగ్గర ముట్రాజ్‌పల్లి కాలనీకి పోయాయి. వాళ్లు పోయినంక చాలా నెలలు మాకు ప్రార్థన రాలేదు. మోకాళ్లమీద ఉండేవాళ్లం, మాట వచ్చేది కాదు. దేవుని మీద కోపమో, మనుషుల మీద కోపమో తెలిసేది కాదు. ఊరికే ఉండి లేచేవాళ్లం. దానియేలు చెరలో పరదేశంలో ఉండి కూడా తన యెరూషలేము వైపు కిటికీలు తెరిచి రోజుకు మూడుసార్లు ప్రార్థించాడు. కాలనీలో ఉన్న అక్క ఒకరోజు ఫోన్ చేసి, “మా ఇంటి కిటికీ మీ దిక్కే ఉంది, ఆడనే కూసుంటున్న” అన్నది. అప్పటినుంచి శనివారం రాత్రి ఫోన్‌లో కలిసి పాడుతున్నాం. సిగ్నల్ పోతే మళ్లీ కలుపుతాం.

ఆ ముంపులో మాలో ఒకరి తండ్రి పేరున ఉన్న కొంచెం భూమి కూడా పోయింది. నష్టపరిహారం ఇద్దరు అన్నదమ్ములకు సగం సగం వచ్చింది. వాళ్లకు ఒక అక్క ఉంది. భర్త చనిపోయి సిద్దిపేటలో కూలి చేసుకుంటున్నది. ఆమెకు ఇవ్వాలని మన ఆచారంలో లేదు, ఎవరూ అడగలేదు, ఆమె కూడా అడగలేదు. మేం రోజూ పాలు పిండుతూ ఆమె పేరున ప్రార్థన చేస్తున్నాం. ప్రభువా, అక్కకు దారి చూపించు అంటున్నాం. దారి మా ఇంట్లో బీరువాలో ఉంది.

ఆ సంగతి ఒప్పుకోవడానికి మాకు ఏడాది పట్టింది. పాలల్లో నీళ్లు పోసినప్పుడు అది తప్పని తెలుసు. ఇక్కడ అందరూ సరే అన్నారు, ఆచారం సరే అన్నది, మా మనసు కూడా సరే అన్నది. మాలో మేం చాలా కొట్లాడుకున్నాం. పిల్లల చదువు ఉంది కదా అని ఒకరం, మరి ప్రార్థన ఎందుకు చేస్తున్నట్టు అని ఇంకొకరం. చివరికి మాకు వచ్చినదాంట్లో మూడో వంతు అక్కకు ఇచ్చాం. అన్నకు కోపం వచ్చింది. మమ్మల్ని చెడ్డవాళ్లను చేయడానికే మీరు ఇచ్చారు అన్నాడు. రెండేళ్లయింది, మా ఇంటికి రాలేదు. ఇచ్చినందుకు మాకు ఆనందం పొంగిపొర్లిందని రాస్తే అది మళ్లీ అబద్ధపు సాక్ష్యం అవుతుంది. పైసలు పోయాయి, అన్న దూరమయ్యాడు. అక్క మాత్రం ఒక కుట్టుమిషన్ కొనుక్కుంది. తీజ్‌కు అన్న ఇంటికి పాలు పంపిస్తే వదిన తీసుకుంటుంది. అన్న పేరు కూడా పాలు పిండేటప్పుడు తలుచుకుంటాం.

టీచర్లకు ఒక మాట. పిల్లలకు భక్తి గురించి చెప్పేటప్పుడు ఎన్ని వచనాలు కంఠస్థం వచ్చాయో అడగండి, మంచిదే. దాంతోపాటు, పక్కవాడి పెన్సిల్ తిరిగి ఇచ్చావా అని కూడా అడగండి. పరీక్షలో చూసి రాయలేదు కదా అని అడగండి. మా బడిలో ఒక పిల్లవాడు మార్కులు ఎక్కువ వేశారని పేపరు తిరిగి తెచ్చి ఇచ్చాడు. ఆ రెండు మార్కులు తగ్గించాలా, ఉంచాలా అని మేం చాలాసేపు ఆలోచించి, తగ్గించాం. తగ్గించకపోతే వాడు చేసిన పనికి విలువ ఉండదనిపించింది.

యువకులకు మా విన్నపం ఇది. పెద్ద నియమాలు పెట్టుకుని వారంలో ఓడిపోయి, ఇక మనవల్ల కాదని వదిలేయకండి. మేం ఓడిపోయినవాళ్లమే. ఇప్పటికీ కొన్ని రోజులు ప్రార్థన మరిచిపోయి ఫోన్ చూస్తూ పడుకుంటాం. కోపంలో పిల్లలను అనరాని మాట అంటాం. మళ్లీ పొద్దున బర్రె అరుస్తుంది, లేవాలి. ఎక్కడ తప్పామో అక్కడికే పోయి, ఎవరికి తప్పు చేశామో వాళ్లకే చెప్పండి. దేవునికి ఒక్కడికే చెప్పుకోవడం సులువు, ఆయన పెరుగు తోడేయడు.

రేపు సోమవారం. నాలుగు గంటలకు లేచి పాలు పిండి, చీకటి విచ్చకముందే తొగుట పోవాలి. మొదటి అర లీటరు అక్కదే. మనవరాలు ఇప్పుడు మూడో తరగతి. పెరుగన్నం తిననిదే బడికి పోదట.